బట్ట ఒకరిది, కుట్టు ఒకరిది: సొంత బట్టతో సూటు కుట్టించుకునే పద్ధతి – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

సూటు ఐరోపాలో పుట్టిన వేషం. ఉద్యోగం, న్యాయస్థానం, విశ్వవిద్యాలయం, పెళ్ళిపందిరి మొదలైన తావుల ద్వారా అది భారతీయ సమాజంలోకి ప్రవేశించింది. వేషం మారిన తీరును గురించి చరిత్రకారులు విస్తృతంగా చర్చించారు. ఆ వేషాన్ని సమకూర్చుకునే పద్ధతికి అంతటి పరిశీలన దక్కలేదు. జౌళి దుకాణంలో బట్టను ఎంచి, కొలిపించి, కొని, ఆ తరువాత దర్జీ చేతికి అప్పగించడం తెలుగు ప్రాంతాల్లో నిన్నమొన్నటివరకు సర్వసాధారణం. సూటుకు పుట్టినిల్లనదగిన లండన్‌లో ఈ పద్ధతి ప్రధాన స్థానాన్ని కోల్పోయి చాలాకాలమైంది. అక్కడ దర్జీయే బట్టను కూడా సమకూరుస్తాడు.

ఒకే వస్త్రాన్ని కుట్టించుకోవడంలో ఈ రెండు మార్గాలు ఎందుకు ఏర్పడ్డాయి? బట్టను ఎవరు కొంటున్నారన్న దానినిబట్టి దర్జీ స్థానం ఎలా మారింది? కొనుగోలుదారు అనుభవించిన ఎంపిక స్వేచ్ఛకూ దర్జీ పెట్టుబడిలేమికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ మూడు ప్రశ్నలను భాష, న్యాయం, వృత్తి, వాణిజ్యం అనే ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

భాషలోని సాక్ష్యం

తెలుగులో 'బట్ట' అన్నా 'గుడ్డ' అన్నా కుట్టని వస్త్రానికీ కుట్టిన వస్త్రానికీ చెల్లుతుంది. తానులో ఉన్నదీ బట్టే, ఒంటిమీద ఉన్నదీ బట్టే. ఈ రెండు దశల మధ్య భేదాన్ని నామవాచకం చూపదు, క్రియ చూపుతుంది. 'సూటు కొనుక్కున్నాడు' అన్న వాక్యానికీ 'సూటు కుట్టించుకున్నాడు' అన్న వాక్యానికీ అర్థంలో చాలా దూరం ఉంది. రెండవ వాక్యంలోని క్రియలో ప్రేరణార్థకమైన 'ఇంచు', ఆత్మార్థకమైన 'కొను' రెండూ ఉన్నాయి. పని చేసేవాడు దర్జీ, చేయించేవాడు బట్ట యజమాని, ఫలం యజమానిది. 'ఇల్లు కట్టించుకొను', 'నగ చేయించుకొను' అనే ప్రయోగాలు కూడా ఈ కోవలోనివే. ఇటుకలు, కలప తానే తెప్పించి ఇల్లు కట్టించినవాడికీ, ఇంటి బంగారం ఇచ్చి నగ చేయించినవాడికీ, బట్ట ఇచ్చి కోటు కుట్టించినవాడికీ ఉన్న సామ్యం ఈ క్రియారూపంలో నిలిచివుంది. దర్జీకి ఇచ్చే ప్రతిఫలం కూడా 'ధర' కాదు. అది 'కుట్టుకూలి' లేదా 'మజూరీ'.

వృత్తినామాలు మరో దిశను చూపుతాయి. 'దర్జీ' పారసీ పదం; కుట్టు అనే అర్థంగల 'దర్జ్' దానికి మూలం. 'టైలర్' అనే ఆంగ్లపదానికి మూలం కత్తిరించడాన్ని తెలిపే ఫ్రెంచి ధాతువు. ఒక పేరు సూదిని చూసింది, మరొకటి కత్తెరను చూసింది. సంస్కృతంలోని 'తున్నవాయుడు', 'సౌచికుడు' అనే పదాలు సూదిపనినే సూచిస్తాయి. వీటిలో ఏ ఒక్కదానిలోనూ బట్ట అమ్మకం అనే అర్థం లేదు.

పరుల బట్ట: కౌటిల్యుని నుంచి 1872 చట్టం దాకా

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణమైన కంటకశోధనం కారుకరక్షణంతో మొదలవుతుంది. అక్కడ సాలెవారి తరువాత చాకలివారి ప్రసక్తి వస్తుంది. ఉతకడానికి వచ్చిన పరుల బట్టను అమ్మినా, అద్దెకిచ్చినా, తాకట్టు పెట్టినా పన్నెండు పణాల దండన. వెంటనే ఒక చిన్న సూత్రం ఈ నియమాలను తున్నవాయులకూ వర్తింపజేస్తుంది. ఆ తరువాత వచ్చేది స్వర్ణకారుల ప్రకరణం. ఈ క్రమంలో ఒక అంతస్సూత్రం ఉంది. చాకలి, దర్జీ, కంసాలి ముగ్గురి చేతుల్లోనూ ఉన్నది పరుల సొత్తు. వారి నైపుణ్యం కంటే ముందు వారి నమ్మకాన్ని శాసనం ప్రశ్నిస్తున్నది.

ఆధునిక న్యాయవ్యవస్థలోనూ ఇదే భావన వేరొక రూపంలో కనిపిస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టం 148వ సెక్షనులో ఒకరి వస్తువును ఒక ప్రయోజనం కోసం మరొకరికి అప్పగించడాన్ని నిర్వచించింది. అలా పుచ్చుకున్నవాడు సాధారణ వివేకంగల మనిషి తన సొత్తు విషయంలో చూపేపాటి జాగ్రత్త చూపాలని 151వ సెక్షను చెబుతుంది. ఆ వస్తువుపై శ్రమనో నైపుణ్యాన్నో వెచ్చించినవాడు తన ప్రతిఫలం అందేదాకా దాన్ని అట్టిపెట్టుకోవచ్చునని 170వ సెక్షను హక్కు కల్పించింది. ఈ సెక్షనుకు ఇచ్చిన రెండు ఉదాహరణలు గమనార్హం. మొదటిది వజ్రాన్ని సానపట్టడానికి నగల వర్తకునికి ఇచ్చిన సందర్భం. రెండవది కోటు కుట్టడానికి దర్జీకి బట్ట ఇచ్చిన సందర్భం. కోటు పూర్తికాగానే అప్పగిస్తాననీ, కూలికి మూడు నెలల గడువు ఇస్తాననీ దర్జీ ఒప్పుకుంటే, డబ్బు అందలేదన్న కారణంతో కోటును నిలుపుకునే హక్కు అతనికి లేదు.

చట్టకర్తలు దర్జీని ఉదాహరణగా తీసుకున్నప్పుడు బట్ట దర్జీది కాదన్నది వివరించనవసరం లేని విషయంగా భావించారు. మరొక అంశం కూడా ఇక్కడ కీలకం. పాత బాకీలన్నిటికీ కలిపి ఖాతాదారు వస్తువును నిలుపుకునే విస్తృత హక్కును 171వ సెక్షను బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీలు వంటి కొన్ని వర్గాలకే ఇచ్చింది. ఆ జాబితాలో దర్జీ లేడు. నిరుటి చొక్కాల కూలి రాలేదని ఈ ఏటి కోటును ఆపడానికి, ప్రత్యేక ఒప్పందం ఉంటే తప్ప, అతనికి వీలులేదు. 2017 నాటి కేంద్ర వస్తుసేవల పన్ను చట్టం రెండవ షెడ్యూలు కూడా పరుల వస్తువుపై చేసే ప్రక్రియను సేవగానే పరిగణించింది. కౌటిల్యుని కాలం నుంచి నేటివరకు, పరుల బట్ట పట్టుకున్న దర్జీ కాపలాదారు, కూలిదారు, వర్తకుడు కాడు.

లండన్‌లో జరిగిన మార్పు

ఈ స్థితి భారతదేశానికే ప్రత్యేకం అనుకోవడం పొరపాటు. మధ్యయుగ లండన్‌లో పట్టు మొదలైన ఖరీదైన వస్త్రాలు అమ్మే మెర్సర్లు, ఉన్నిబట్ట అమ్మే డ్రేపర్లు, కుట్టే టైలర్లు వేర్వేరు వృత్తిసంఘాలుగా ఉండేవారు. 1327లో రాజశాసనం పొందిన దర్జీల సంఘం 1503లో 'మర్చంట్ టైలర్స్' అనే పేరు గ్రహించింది. వర్తకం వైపు వారి చూపు ఆ పేరులోనే వ్యక్తమవుతుంది. అయినా సామాన్య వ్యవహారంలో బట్ట తెచ్చుకునేది కొనుగోలుదారే. షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' నాటకం నాలుగవ అంకంలో గౌను విషయమై జరిగే వాగ్వాదం ఈ వాడుకపైనే ఆధారపడింది. బట్ట ఇచ్చినది పెట్రూకియో ఇంటివారు, కత్తిరించినది దర్జీ. ఏమి చెప్పారు, ఏమి కుట్టారు అన్నదే తగవు.

స్పెయిన్‌లో హువాన్ దె అల్సేగా 1580లో మాడ్రిడ్‌లో ప్రకటించిన దర్జీ శాస్త్రగ్రంథం మరొక సాక్ష్యం. ఏ వస్త్రానికి ఏ పన్నాగల బట్ట ఎంత కావాలి, ముక్కలను బట్టపై ఎలా అమర్చాలి అన్న విషయాలను పటాలతో, పట్టికలతో ఆ గ్రంథం వివరిస్తుంది. బట్ట ఒకచోట, కత్తెర ఒకచోట ఉన్న సమాజంలో ఈ లెక్కకు విలువ ఎక్కువ. తక్కువ కొంటే వస్త్రం పూర్తికాదు. ఎక్కువ కొంటే మిగులు ఎవరిదన్న అనుమానం పుడుతుంది. ఇంగ్లీషులో దర్జీ దగ్గర మిగిలిపోయే ముక్కలకు 'కాబేజీ' అనే పరిహాసనామం 17వ శతాబ్దిలోనే వాడుకలో ఉంది. తెలుగువారికి కంసాలి దగ్గర 'తరుగు' లెక్క ఎంత సున్నితమైనదో ఆ సమాజానికి కత్తిరింపు ముక్కల లెక్క అంత సున్నితమైనది.

1660 నుంచి 1669 వరకు దినచర్య రాసిన శామ్యూల్ పీప్స్ స్వయంగా దర్జీ కుమారుడు. బట్టల కొనుగోలు, కుట్టుపని అతని దినచర్యలో వేర్వేరు పనులుగా కనిపిస్తాయి. ఆ తరువాతి రెండు శతాబ్దాల్లో పరిస్థితి మారింది. సంపన్న ఖాతాదారులు ఏడాదికొకసారి, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా బాకీ తీర్చేవారు. ఆ వ్యవధిని భరించగల దర్జీ బట్టను కూడా తానే సమకూర్చి, అందులోని లాభాన్ని తన లెక్కలో చేర్చుకోగలిగాడు. హెన్రీ పూల్ 1846లో సావిల్ రోకు తన ప్రవేశద్వారాన్ని మార్చుకునేనాటికి పెద్ద దర్జీ అంటే బట్ట, కుట్టు, అరువు మూడింటినీ ఒకే చోట అందించే వ్యాపారి. పారిస్‌లో 1858లో దుకాణం తెరిచిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ స్త్రీల దుస్తుల విషయంలో ఇదే మార్గాన్ని అనుసరించాడు.

ఈ మార్పు స్థిరపడ్డాక బట్టల వర్తకులు నమూనా ముక్కలను పుస్తకాలుగా కుట్టి దర్జీలకు పంపసాగారు. ఖాతాదారు ఆ పుస్తకంలో వేలు పెట్టి చూపితే దర్జీ ఒక సూటుకు సరిపడే బట్టను తెప్పిస్తాడు. 'బిస్పోక్' అనే మాటకు 'ఈ బట్ట ఫలానావారికి మాట ఇచ్చినది' అన్న కథ అక్కడి దర్జీల్లో ప్రచారంలో ఉంది. నిజానికి ఆ క్రియకు ముందుగా చెప్పి చేయించడమనే అర్థం పాతది. బట్ట దర్జీ దుకాణంలోనే ఉంటుందన్న భావన స్థిరపడినచోటే ఇటువంటి వ్యుత్పత్తి కథకు ఆదరణ దొరుకుతుంది. ఖాతాదారు సొంత బట్ట తెస్తే కత్తిరింపు, కుట్టు, లోసామగ్రి మాత్రమే దర్జీవి. ఆ పద్ధతికి ఇప్పుడు అక్కడ ప్రత్యేకంగా ఒక పేరు పెట్టవలసివచ్చింది. ఒకనాటి సాధారణ నియమం మినహాయింపుగా మారిందనడానికి ఆ పేరే గుర్తు.

భారతదేశంలో దర్జీ, కుట్టుమిషను, మిల్లు

వలసపాలన కాలంలో ఆంగ్లేయ గృహాల వరండాల్లో నెలజీతానికి కూర్చుని కుట్టిన దర్జీ ఆనాటి రచనల్లో తరచుగా దర్శనమిస్తాడు. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' పదకోశంలో అతనికి ప్రత్యేక ఆరోపం ఉంది. బట్ట ఇంటివారిది, నమూనాగా ఇచ్చే పాత వస్త్రం ఇంటివారిది. సూది, చూపు, ఓర్పు దర్జీవి. అతను వర్తకుడు కావడానికి ఆ అమరికలో తావే లేదు. తెలుగు ప్రాంతాల్లో కుట్టుపని వృత్తిగాగల మేరవారు, చిప్పోళ్ళు కూడా ఇతరులు తెచ్చిన బట్టపైనే ఆధారపడినవారు.

ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందిన కుట్టుమిషను క్రమంగా ఇక్కడి బజారుకు చేరింది. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. మిషను వల్ల దర్జీ పరుల వరండా నుంచి తన అరుగుపైకి రాగలిగాడు. అది అల్పమైన మార్పు కాదు. అయితే అతని పెట్టుబడి ఆ మిషనుతోనే ముగిసింది. సూటుకు తగిన ఉన్నిబట్టలను తానుల కొద్దీ నిల్వచేయడానికి కావలసిన సొమ్ము జౌళి వర్తకుని వద్ద ఉంది. చేతివృత్తులవారికి ప్రభుత్వాలు చేసిన సాయం కూడా ఎక్కువగా కుట్టుమిషను రూపంలోనే అందింది. అంటే, దర్జీ పరికరానికి యజమాని అయ్యాడు గాని సరుకుకు కాలేదు.

ఇదే కాలంలో మిల్లులు విస్తరించాయి. 1876లో కాన్పూరులో మొదలైన ఉన్ని మిల్లు 'లాల్ ఇమ్లీ' పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఠాణేలో 1925లో రేమండ్ మిల్లు, నరోడాలో 1966లో తరువాత 'విమల్' వస్త్రాలకు నెలవైన రిలయన్స్ మిల్లు వెలిశాయి. ఈ మిల్లుల సరుకు అమ్మిన దుకాణాల బోర్డులపై 'సూటింగ్స్, షర్టింగ్స్' అనే జంటమాట నిలిచిపోయింది. హైదరాబాదు పత్తర్‌గట్టీలోనూ సికింద్రాబాదు జనరల్ బజారులోనూ మాత్రమే కాక చిన్న పట్టణాల్లోనూ ఆ మాట చదవని కన్ను లేదు. అది వస్త్రం పేరు కాదు, వస్త్రం కాబోయే బట్ట పేరు. కుట్టని స్థితిలోనే సూటును అమ్మిన వాణిజ్యానికి ఆ బోర్డు శాసనం వంటిది.

బట్ట వేరుగా ఉండటం వల్ల కలిగిన వీలు

బట్ట, కుట్టు వేరుగా ఉండటం కొనుగోలుదారుకు రెండు వీలులు కల్పించింది. మొదటిది రాజకీయ సంబంధమైనది. స్వదేశీ ఉద్యమంలోనూ 1921లో ఉధృతమైన విదేశీ వస్త్ర బహిష్కరణలోనూ ప్రజలను కోరినది బట్టను మార్చమని. దర్జీని మార్చవలసిన పనిలేదు. కోటు కోత మార్చవలసిన పని కూడా లేదు. మాంచెస్టరు బట్ట స్థానంలో ఖద్దరు కొని అదే దర్జీకి ఇచ్చి అదే కోటు కుట్టించుకోవచ్చు. సంపూర్ణంగా వేషం మార్చుకున్నవారితోపాటు, వృత్తిరీత్యా కోటు విడువలేనివారు కూడా ఉద్యమంలో భాగం కావడానికి ఈ అమరిక తోడ్పడింది. హైదరాబాదు రాజ్యంలో షేర్వాణీ కోత ఐరోపా కోటును తలపించినా దానికి ఔరంగాబాదు హిమ్రూను ఎన్నుకోగలగడం కూడా ఇదే వీలుకు మరో నిదర్శనం.

రెండవది సాంఘికమైనది. తెలుగువారి శుభకార్యాల్లో 'బట్టలు పెట్టడం' ఒక మర్యాద. చీరకూ పంచెకూ కొలత అక్కరలేదు. ప్యాంటు, చొక్కా, సూటు ఆ మర్యాదలోకి ప్రవేశించినప్పుడు అవి కుట్టని పీసులుగానే ప్రవేశించాయి. ఇచ్చేవారు పుచ్చుకునేవారి కొలతలు అడగనక్కరలేదు. పసుపు అద్ది చేతిలో పెడితే చాలు. పాశ్చాత్య వస్త్రం దేశీయ కానుకగా మారడానికి అది బట్టగా మిగిలివుండటమే కారణం. కొత్తల్లుడికి ఇచ్చిన సూటు పీసు ఏళ్ళ తరబడి బీరువాలో ఉండిపోయినా కానుక విలువ తగ్గేది కాదు. అవసరమైతే అది మరొకరికి మర్యాదగా చేరేది కూడా.

కొనుగోలుదారు పరిజ్ఞానం, దర్జీ బాధ్యత

ఈ పద్ధతి కొనుగోలుదారుకు కొంత విద్యను తప్పనిసరి చేసింది. సుమారు 58 అంగుళాల పన్నాగల బట్టలో సాధారణ దేహానికి కోటు, ప్యాంటు కలిసి మూడు నుంచి మూడుంపావు మీటర్లు పడుతుంది. వెయిస్టుకోటు చేరితే మరో అరమీటరుకు పైగా కావాలి. పెద్ద గళ్ళు ఉంటే అతుకుల వద్ద గీతలు కలపడానికి అదనపు బట్ట అవసరం. నూగుగల బట్టలో ముక్కలన్నీ ఒకే దిశలో కోయాలి. ఉన్నిబట్టకు కోతకు ముందే తడి చూపించి కుంగుదల తీర్చాలి. నలిపి వదిలితే మడత ఎంత త్వరగా విడుతుందో చూడటం, అంచుపై నేసిన మిల్లు పేరు చదవడం, ఒక పోగు కాల్చి వెంట్రుక కాలిన వాసన వస్తే ఉన్ని అనీ, కరిగి గడ్డకడితే కృత్రిమ నూలు అనీ గుర్తించడం వంటి పరీక్షలు ఇంటి పెద్దలకు తెలిసిన విషయాలే. 1956 చట్టంతో మీటరు వచ్చినా 'గజం' మాటల్లో కొనసాగడం ఈ పరిజ్ఞానం మౌఖికమని తెలుపుతుంది.

అయితే ఇదే అమరిక బాధ్యతను రెండుగా చీల్చింది. మొదటి ఉతుకులో కోటు కుంగితే బట్ట దోషమని దర్జీ, తడి చూపలేదని యజమాని, మిల్లు సరుకు తప్పదని వర్తకుడు అంటారు. ముగ్గురిలో చివరికి నష్టానికి గురయ్యేది ఎక్కువగా దర్జీయే. బట్ట వెల అతని కూలికి అనేక రెట్లు. ఒక్క కోత తప్పితే అతడు కోల్పోయేది ఆ రోజు కూలి కాదు, అనేక దినాల సంపాదన. నైపుణ్యంగల దర్జీలు ఖరీదైన బట్టను కోయడానికి వెనుకాడటం, రెండు మూడు మార్లు కొలిచి సుద్దగీత దిద్దడం ఈ భయం నుంచి పుట్టిన జాగ్రత్తలు. లండన్ దర్జీ తప్పుకోసిన బట్టను తన లాభంలో సర్దుకోగలడు. ఇక్కడి దర్జీకి ఆ లాభమే లేదు. బట్టలోని లాభం వర్తకుని వద్ద ఆగిపోయింది. ప్రమాదం మాత్రం అతని బల్లమీదికి వచ్చింది.

తారుమారైన దారి

1958లో బొంబాయి బల్లార్డ్ ఎస్టేటులో రేమండ్ సంస్థ సొంత విక్రయశాల తెరిచింది. ఆ తరువాత దేశమంతటా మిల్లుల పేరుమీద ప్రత్యేక దుకాణాలు వ్యాపించాయి. క్రమంగా పెద్ద జౌళి దుకాణాల్లో బట్ట కొన్నచోటే కొలతలు తీసుకునే ఏర్పాటు వచ్చింది. పైకి చూస్తే ఇది లండన్‌లో జరిగినదే. లోతుగా చూస్తే దిశ వ్యతిరేకం. అక్కడ దర్జీ బట్టను తన దుకాణంలోకి తెచ్చుకున్నాడు; ఇక్కడ బట్ట దర్జీని తన దుకాణంలోకి తెచ్చుకుంది. అక్కడి దుకాణానికి దర్జీ పేరు ఉంటుంది, ఇక్కడి దుకాణానికి మిల్లు పేరు ఉంటుంది. ఖాతాదారుకు కొలతలు తీసుకునే వ్యక్తి కనిపిస్తాడు. కుట్టే వ్యక్తి ఎక్కడో వెనుక గదిలో, ముక్కకింత అనే లెక్కపై పనిచేస్తుంటాడు. తయారు దుస్తుల రాకతో ఆ పనికీ పోటీ పెరిగింది.

ముగింపు

సొంత బట్టతో సూటు కుట్టించుకునే పద్ధతిని కేవలం పొదుపు మార్గంగానో గతించిన అలవాటుగానో చూడటం సరిపోదు. అది కొనుగోలుదారుకు బట్టను గుర్తించే విద్యను, వెలలో ఏ భాగం దేనికి చెల్లిస్తున్నాడో తెలిసే స్పష్టతను ఇచ్చింది. ఉద్యమానికి అనువైన వేషాన్ని, కానుకకు అనువైన వస్తువును ఇచ్చింది. ఈ మేళ్ళన్నిటికీ పునాది దర్జీకి సరుకు లేకపోవడం. అతడు బట్ట అమ్మలేడు గనుకనే కొనుగోలుదారు ఎక్కడైనా కొనగలిగాడు. ఆ స్వేచ్ఛను తలచుకునేటప్పుడు దాని వెల చెల్లించినవాడిని కూడా తలచుకోవడం చరిత్ర రచన ధర్మం.

'కుట్టించుకొను' అన్న క్రియలో చేయించేవాడు కర్త స్థానంలో ఉంటాడు. కుట్టినవాడు 'దర్జీచేత' అనే తృతీయావిభక్తిలో, అదీ చెప్పితేనే, ఉంటాడు. వస్త్రచరిత్రలోనూ బట్టకు, ధరించినవారికి దక్కిన చోటు కుట్టినవారికి దక్కలేదు. తెలుగు ప్రాంతాల్లోని పాత దర్జీల కొలతల పుస్తకాలు, జౌళి దుకాణాల చిట్టాలు, కుట్టుకూలి లెక్కలు సేకరించగలిగితే ఆ లోపాన్ని కొంతవరకైనా పూరించవచ్చు. ఒక కొలతల పుస్తకంలో ఊరిలోని మనుషుల భుజాలు, నడుములు మాత్రమే కాక, వారు ఏ ఏట ఏ బట్ట తెచ్చారో, ఎంత కూలి ఇచ్చారో, ఎంత బాకీ పడ్డారో కూడా ఉంటాయి. దుకాణాలు మూతపడుతున్నకొద్దీ చిత్తుకాగితాలుగా వెళ్ళిపోతున్న ఆ పుస్తకాలు ఈ వృత్తిచరిత్రకు ప్రథమ ఆకరాలు.